త్వేర్‌లో చూడ్డానికి ఏముంది? మా అమ్మాయి అక్కడే చదువుతోంది

నంద్యాల_నాన్న
మా అమ్మాయి రష్యాలో త్వేర్ అనే ఊళ్లో మెడిసిన్ రెండో సంవత్సరం. మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్దామనుకుంటున్నాం. నెట్‌లో వెతికితే అందరిదీ ఒకటే మాట. మాస్కోకీ పీటర్స్‌బర్గ్‌కీ మధ్యలో ఉన్న ఊరు, ఒక పూట చాలు, దిగి నాలుగు ఫొటోలు తీసుకుని మళ్లీ రైలెక్కేయండి అని. ట్రావెల్స్ అతనైతే "అక్కడేముంది సార్, హోటల్ మాస్కోలో వేసుకోండి" అన్నాడు. మనసుకి కష్టమనిపించింది. ఆరేళ్లు మా పిల్లని పెట్టుకునే ఊరు. ఆ ఊరి గురించి నాకు చలి తప్ప ఇంకేమీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి. చరిత్ర గానీ, జనం ఏం చేసి బతుకుతారో గానీ, ఏదైనా సరే.

చలికోటు
మేలో చలి పెద్దగా ఉండదు, టెన్షన్ వద్దు. ఒక స్వెటర్ చాలు. మాస్కో లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్ నుంచి లాస్తచ్కా రైలు, గంటా నలభై నిమిషాలు అటూ ఇటూ.

డా_సిరి
నేను అక్కడే చదివాను, 2009 నుంచి 2015 దాకా. ఒక పూట చాలనేవాళ్లు స్టేషన్ ముందు తిరిగి వచ్చేసినవాళ్లు అయ్యుంటారు. స్టేషన్ నది దగ్గర ఉండదు, ఊరు అసలు రూపం నది దగ్గరే. వోల్గా ఊరి మధ్యలోంచి పోతుంది. త్వెర్త్సా, త్మాకా అని ఇంకో రెండు నదులు అక్కడే వచ్చి కలుస్తాయి. చలికాలంలో వోల్గా గడ్డకట్టాక జనం దాని మీద బొరియలు తొలిచి, చిన్న మడతపీటలు వేసుకుని చేపలు పడతారు. మొదటి ఏడాది నేను హాస్టల్ నుంచి నడిచి వెళ్లి గంటసేపు అదే చూస్తూ నిలబడేదాన్ని. ఒకాయన నన్ను పిలిచి తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చాడు. ఒక్క ముక్క రష్యన్ రాదు నాకు అప్పుడు.

తిండి గురించి బెంగ వద్దు. కెఫీర్ అని చిక్కటి పుల్ల మజ్జిగ దొరుకుతుంది, అన్నంలో కలుపుకుని ఆవకాయ పెట్టుకుంటే ఇల్లు గుర్తొస్తుంది. ఆవకాయ మాత్రం మీరే మోసుకెళ్లాలి.

కొంచెం_ఆగండి
సిరి గారూ, ఊరి మీద ప్రేమ సరే. నిజం కూడా చెప్పాలి కదా. మాస్కో నూట డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉంటే ఏ ఊరైనా ఏమవుతుంది? పని వెతుక్కునేవాడు పొద్దున రైలెక్కి మాస్కో పోతాడు. నేను ఒక వారం ఉన్నాను అక్కడ. సెంటర్ దాటి రెండు వీధులు లోపలికి వెళ్తే గుంతల రోడ్లు, పెచ్చులూడిన గోడలు. ఆ పెద్దాయనకి లేనిపోని ఆశలు కల్పించొద్దు.

రైలుపిచ్చి
పైన "పని లేదు" అన్నట్టు రాశారు. త్వేర్‌లో ఉన్న వ్యాగన్ ఫ్యాక్టరీ సంగతి తెలుసా? 1898లో ఫ్రెంచి, బెల్జియం పెట్టుబడితో మొదలైంది. ఇవాళ రష్యాలో ప్రయాణికుల బోగీలు చేసే అతి పెద్ద ఫ్యాక్టరీ అదే. రష్యాలో రాత్రి రైలెక్కి పడుకుంటే మీ కింద ఉన్న బెర్త్ చాలావరకు త్వేర్‌లో బిగించిందే. రెండంతస్తుల స్లీపర్ బోగీలు కూడా అక్కడివే. 2019లో మాస్కోలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి లోకల్ రైళ్లు మొదలుపెట్టారు, వాటిలో తిరిగే "ఇవోల్గా" రైళ్లు త్వేర్‌లోనే చేశారు. ఇవోల్గా అంటే వంగపండు పిట్ట. పేరు ఎంత బావుందో చూడండి.

ఇంకోటి. ఆ ఫ్యాక్టరీ ట్రాన్స్‌మాష్‌హోల్డింగ్ అనే గ్రూపులో ఉంది. అదే గ్రూపు మన రైల్వే సంస్థ ఆర్‌వీఎన్‌ఎల్‌తో కలిసి లాతూరులో 120 వందే భారత్ స్లీపర్ రైళ్లు చేసే కాంట్రాక్టు తీసుకుంది.

కొంచెం_ఆగండి
ఒప్పుకున్నా. అయితే ఒక్క ఫ్యాక్టరీ మీద నాలుగు లక్షల మంది ఊరు ఎలా నడుస్తుంది? ఇంకో సంగతి. దేశానికంతా బోగీలు చేసే ఊళ్లో ట్రామ్ ఉందా ఇప్పుడు?

డా_సిరి
లేదు. ఆ దెబ్బ నాకూ తగిలింది. 1901లో వచ్చిన ట్రామ్ అది, 2018 నవంబరులో ఆపేశారు. నేను చదివేటప్పుడే ఒక్కో రూటూ తీసేస్తూ వచ్చారు. పొద్దున అద్దం మీద మంచు పేరుకుపోతే, వేలితో గీకి చిన్న కన్నం చేసుకుని అందులోంచి మా స్టాప్ వచ్చిందా అని చూసుకునేవాళ్లం. టికెట్లు ఇచ్చే అమ్మమ్మ మమ్మల్ని గుర్తుపట్టి "టోపీ ఏదమ్మా" అని తిట్టేది. ఆ ట్రామ్ పోయిందని తెలిసిన రోజు మా బ్యాచ్ గ్రూపులో అందరం పాత టికెట్ల ఫొటోలు పెట్టుకున్నాం.

మిల్లుగేటు
ఫ్యాక్టరీల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా నాన్న, మేనమామ ఇద్దరూ స్పిన్నింగ్ మిల్లులో చేసినవాళ్లు, మిల్లు మూతపడ్డప్పుడు నేను ఎనిమిదో తరగతి. అందుకే త్వేర్ వెళ్లినప్పుడు నేను ముందు చూసింది మొరోజోవ్‌ల నూలు మిల్లు. 1850లలో మొదలైంది, సోవియట్ కాలంలో "ప్రొలెతార్కా" అనేవారు. ఎర్ర ఇటుకలతో ఊరిలో ఇంకో ఊరు కట్టారు. కార్మికుల బారకాసులు, ఆస్పత్రి, బడి, థియేటరు అన్నీ ఆ గోడల మధ్యే. ఒక బారకాసుకి జనం పెట్టుకున్న పేరు "పారిస్". చూస్తే కోట అనుకుంటారు. అన్ని కిటికీలు, అంత పొడుగు నడవాలు.

ఇప్పుడు మగ్గాలు లేవు. కొన్ని బారకాసుల్లో జనం ఇంకా ఉన్నారు. ఒక నడవాలోకి తొంగిచూశాను. పొడుగ్గా, చీకటిగా, రెండు పక్కలా తలుపులు, తలుపు తలుపుకీ బయట పిల్లల సైకిలు, బంగాళదుంపల పెట్టె. ఆఖర్న ఉమ్మడి వంటగదిలో నాలుగు స్టవ్వులు. మా మిల్లు క్వార్టర్స్ ఇలాగే ఉండేవి. కాసేపు అక్కడే నిలబడిపోయాను. "కొంచెం_ఆగండి" గారు అన్న పెచ్చులూడిన గోడలు ఇవే కావచ్చు. నాకు మాత్రం అవి చూడదగ్గవే.

చలికోటు
మిల్లు అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివా.

పాతకలీనిన్
నేను 1985లో వెళ్లినప్పుడు ఆ ఊరి పేరు త్వేర్ కాదు, కలీనిన్. 1931లో సోవియట్ నాయకుడు కలీనిన్ పేరు పెట్టారు, ఆయన పుట్టింది ఆ జిల్లాలోని ఒక పల్లెలో. 1990లో పాత పేరు తిరిగి వచ్చింది. నేను 1991లో పట్టా తీసుకున్నాను. అంటే అడ్మిషన్ కాగితాల మీద కలీనిన్, పట్టా మీద త్వేర్. ఇక్కడికి వచ్చాక ఒక ఆఫీసులో "రెండు కాలేజీల్లో చదివావా, మధ్యలో మారావా" అని నాలుగు నెలలు తిప్పారు. రెండూ ఒకే ఊరని రుజువు చేయడానికి అట్లాసు పట్టుకెళ్లాను.

మా హాస్టల్ గేటు దగ్గర కూర్చునే దెజూర్నయా, అంటే కాపలా పెద్దావిడ, 1941లో చిన్నపిల్ల. అక్టోబరులో జర్మన్లు ఊళ్లోకి వచ్చారు, డిసెంబరు 16న సోవియట్ సైన్యం విడిపించింది. అరవై మూడు రోజులు. ఆవిడ ఆ అంకె చెప్పేటప్పుడు ఎప్పుడూ వేళ్లు ముడిచి చూపించేది. డిసెంబరు 16 రాత్రి మా అందరికీ బంగాళదుంపలు ఉడకబెట్టి ఉప్పు వేసి పెట్టేది. ఎందుకని ఒక్క ఏడాదీ నేను గట్టిగా అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తుంది, ఆవిడ లేదు.

నంద్యాల_నాన్న
అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడకి చదివి వినిపిస్తున్నా. ఆ బంగాళదుంపల దగ్గర ఆగిపోయింది. ఇంకా పాత చరిత్ర ఎవరైనా చెప్తారా? కోట గానీ రాజులు గానీ?

పాతపుస్తకం
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

1300 ప్రాంతంలో మాస్కో కంటే త్వేర్ పెద్దది. రష్యా అంతా మంగోలుల గోల్డెన్ హోర్డ్ కింద కప్పం కట్టే రోజులు. మహారాజు పట్టం ఎవరికన్నది హోర్డ్ ఖాన్ తేల్చేవాడు. ఆ పట్టం త్వేర్ రాజు మిఖాయిల్‌కి వచ్చింది. మాస్కో రాజు యూరీ పోటీకి దిగాడు. చివరికి 1318లో మిఖాయిల్‌ని హోర్డ్‌కి పిలిపించి చంపారు. వెళ్తే ప్రాణం పోతుందని తెలిసే వెళ్లాడని త్వేర్ వాళ్లు చెప్పుకుంటారు, వెళ్లకపోతే సైన్యం ఊరి మీద పడేది. ఆయన్ని ఇప్పుడు సెయింట్‌గా కొలుస్తారు. ఊరి మధ్యలో గుర్రం మీద ఉన్న విగ్రహం ఆయనదే.

తొమ్మిదేళ్ల తర్వాత, 1327 ఆగస్టు 15. చోల్ ఖాన్ అనే హోర్డ్ సర్దారు ఊళ్లో తిష్ట వేసి జనాన్ని పీడిస్తున్నాడు. పొద్దున్నే సంతకి జనం చేరే వేళ. దుద్కో అనే డీకన్, అంటే చర్చిలో చిన్న పూజారి లాంటివాడు, తన ఆడగుర్రాన్ని నీళ్లు తాపడానికి వోల్గాకి తోలుకెళ్తున్నాడు. వయసులో ఉన్న గుర్రం, బాగా బలిసినది అని కూడా ఆ కాలపు చరిత్రలో రాశారు. తాతార్లు, అంటే ఆ హోర్డ్ వాళ్లు, లాక్కున్నారు. "త్వేర్ మగాళ్లారా, నన్ను వదిలేయకండి" అని అరిచాడు. అంతే. గంటలు మోగాయి, ఊరు ఊరంతా లేచింది. సాయంత్రానికి చోల్ ఖాన్ ఉన్న కోటనే తగలబెట్టారు.

దాని ఫలితం? మాస్కో రాజు ఇవాన్ కలితా హోర్డ్ సైన్యాన్ని వెంటబెట్టుకొచ్చి త్వేర్‌ని నేలమట్టం చేశాడు. తర్వాత త్వేర్ పెద్ద చర్చి గంటని కూడా దింపించి మాస్కో పట్టుకుపోయాడు. 1485లో ఇవాన్ మూడో ఆయన ఊరినే కలిపేసుకున్నాడు. మాస్కో నేడు దేశ రాజధాని, త్వేర్ మధ్యలో ఆగే స్టేషన్. ఈ కథ తెలిసి చూస్తే ఆ ఊరు వేరేగా కనిపిస్తుంది.

రైలుపిచ్చి
గంట పట్టుకుపోవడం ఏంటి, దారుణం.

పాతపుస్తకం
ఆ రోజుల్లో గంట అంటే ఊరి గొంతు. తిరుగుబాటు మొదలైంది దానితోనే కదా.

కొంచెం_ఆగండి
ఇదంతా బాగుంది. అయితే అందులో చూడ్డానికి ఏం మిగిలింది? 1763లో ఊరంతా తగలబడింది. ఇప్పుడున్న సెంటర్ కేథరిన్ రాణి కట్టించినది. త్రిశూలంలా మూడు వీధులు ఒక చోట నుంచి విడిపోతాయి, పీటర్స్‌బర్గ్ నమూనా. కోట కట్టెలతో కట్టినది, ఒక్క గోడ లేదు. కోట ఉన్న చోట ఫుట్‌బాల్ స్టేడియం ఉంది.

డా_సిరి
స్టేడియం పక్కనే ప్యాలెస్ కూడా ఉందని చెప్పండి మరి. రాజులు మాస్కో, పీటర్స్‌బర్గ్ రెండు రాజధానుల మధ్య తిరిగేటప్పుడు బస చేయడానికి కేథరిన్ కట్టించింది. 1811లో కరంజిన్ తను రాస్తున్న రష్యా చరిత్రని అలెగ్జాండర్ చక్రవర్తికి చదివి వినిపించింది అందులోనే. ఇప్పుడు చిత్రాల గ్యాలరీ, 2017లో బాగుచేసి తెరిచారు. ఇంకా తెల్ల ట్రినిటీ చర్చి ఉంది, 1564 నాటిది, ఆ మంట దాటి నిలిచింది.

రివర్ స్టేషన్ మాత్రం దెబ్బతింది. స్తంభాలతో, పైన సూదిలాంటి శిఖరంతో 1938లో కట్టిన అందమైన భవనం. 2017లో ఒక భాగం కూలింది. మా బ్యాచ్ ఫొటో దాని మెట్ల మీదే తీసుకున్నాం.

చలికోటు
మేకల మ్యూజియం ఎవరూ చెప్పలేదేంటి! త్వేర్ వాళ్లని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు "మేకలు" అని ఏడిపిస్తారు, మేకతోలు వ్యాపారం వల్ల వచ్చిందంటారు. వాళ్లేమో మ్యూజియమే పెట్టేశారు. మా పాప అక్కడి నుంచి రానంది.

పాతపుస్తకం
నంద్యాల గారూ, అసలు మీకే చెప్పాల్సింది ఒకటి దాచి ఉంచాను. అఫనాసీ నికితిన్. త్వేర్ వర్తకుడు. వోల్గా మీద సరుకేసుకుని దక్షిణానికి బయల్దేరితే అస్త్రాఖాన్ దగ్గర దోచుకున్నారు. అప్పులతో ఇంటికి వెళ్లే ముఖం లేక పర్షియా మీదుగా 1470 ప్రాంతంలో కొంకణ తీరంలో చౌల్ దగ్గర దిగాడు. చేతిలో ఉన్నది ఒక్క మగ గుర్రం, నూరు రూబుళ్లు పడింది దానికి. జున్నర్‌లో అక్కడి ఖాన్ ఆ గుర్రం లాక్కుని, మతం మారితే గుర్రమూ వెయ్యి బంగారు నాణేలూ ఇస్తానన్నాడు, నాలుగు రోజుల గడువు. ఖురాసాన్ నుంచి వచ్చిన ముహమ్మద్ అనే పెద్దమనిషి అడ్డుపడి గుర్రం ఇప్పించాడు. అక్కడి నుంచి బీదర్. అక్కడ కొందరు హిందువులతో స్నేహం కుదిరింది. నేను క్రైస్తవుణ్ని, నా పేరు అఫనాసీ అని చెప్పాక వాళ్లు అతని దగ్గర ఏదీ దాచలేదట. వాళ్లతో కలిసి శివరాత్రికి "పర్వత్" అనే గుడికి వెళ్లాడు. బీదర్ నుంచి నెల ప్రయాణం. అది వాళ్ల జెరూసలేం అని రాసుకున్నాడు.

పర్వత్ ఏదో ఈపాటికి మీకు తట్టే ఉంటుంది.

నంద్యాల_నాన్న
శ్రీపర్వతం. మన శ్రీశైలమా???

కొంచెం_ఆగండి
ఆగండి ఆగండి. పర్వత్ అంటే కొండ. కొండ మీద గుడి దక్కన్‌లో వంద ఉంటాయి.

పాతపుస్తకం
ఎక్కువమంది పండితులు శ్రీశైలమనే అన్నారు, ఊరికే అనలేదు. అతను రాసింది చూడండి. గుడి చాలా పెద్దది, త్వేర్‌లో సగం ఉంటుంది, అంతా రాయి. రాతి మీద దేవుడి చేష్టలు పన్నెండు వరసలుగా చెక్కారు. నల్లరాతి ఎద్దు, బంగారు పూత, జనం దాని గిట్టని ముద్దుపెట్టుకుని పూలు చల్లుతారు. ముసలీ ముతకా ఆడా మగా అందరూ గుండు కొట్టించుకుంటారు. తలకి రెండు షెష్కేనీలు, అంటే వెండి నాణేలు, సుంకం కట్టాలి.

సున్నిపెంట
నేను పుట్టి పెరిగింది శ్రీశైలం పక్కనే. "రాతి మీద వరసలు" చదవగానే ఒళ్లు జలదరించింది. గుడి ప్రాకారం బయటి గోడ ఎప్పుడైనా గమనించారా? చాలామంది దర్శనం క్యూలో ఫోన్ చూసుకుంటూ పోతారు. గోడ పొడుగునా ఒక్కో రాయి మీద ఒక్కో బొమ్మ. ఏనుగులు, గుర్రాలు, అడవిపందిని వేటాడేవాళ్లు, శివుడి కథలు. వరస మీద వరస. చిన్నప్పుడు మా తాత నన్ను భుజాల మీద ఎక్కించుకుని పై వరస చూపించేవాడు, కింది వరస నేనే చేత్తో తడిమేదాన్ని. ఎండకి రాయి వేడిగా ఉండేది, బొమ్మల అంచులు మాత్రం నున్నగా చల్లగా ఉన్నట్టుండేవి. చెయ్యి పెట్టినవాళ్లు ఎంతమందో. ఇక తలనీలాల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కొంచెం_ఆగండి
నంది, గుండు, శివరాత్రి, గోడ బొమ్మలు. సరే, వెనక్కి తగ్గుతున్నా. సున్నిపెంట గారు గోడ చూపించాక ఇంక ఏం అనను.

మిల్లుగేటు
నాకు పట్టుకున్నది ఒక్కటే మాట. "త్వేర్‌లో సగం". అంత దూరం వచ్చి, అంత పెద్ద గుడి ముందు నిలబడి, కొలవడానికి అతనికి దొరికిన కొలబద్ద తన ఊరు. ఎంత ఇంటి బెంగ ఉండాలి.

పాతపుస్తకం
అవును మిల్లు గారూ. పుస్తకాలు దోపిడీలో పోయాయి, పండగ తేదీలు లెక్క తప్పాయి, ఈస్టర్ ఎప్పుడో తెలియడం లేదని పదే పదే బాధపడతాడు. ఒకచోట తుర్కీ భాషలో రాసుకుంటాడు, రష్యా నేలలాంటిది లోకంలో లేదు, దొరలు మాత్రం న్యాయంగా ఉండరు, దేవుడా దాన్ని కాపాడు అని. తిరుగు ప్రయాణంలో స్మోలెన్‌స్క్ చేరకముందే చనిపోయాడు. త్వేర్ చేరలేదు. అతని రాత పుస్తకాలు మాస్కో చేరాయి, శతాబ్దాల తర్వాత కరంజిన్‌కి ఒక మఠంలో దొరికాయి. అదే కరంజిన్, పైన సిరి గారు చెప్పిన ప్యాలెస్‌లో చదివినాయన.

డా_సిరి
ఆరేళ్లు ఆయన విగ్రహం పక్కన ఐస్‌క్రీం తిన్నాను. 1955లో పెట్టిన కంచు విగ్రహం, వోల్గా అవతలి ఒడ్డున, కింద పడవ ఆకారంలో పీఠం. ఊళ్లో బీరు సీసా మీద కూడా ఆయన పేరే, "అఫనాసీ". శ్రీశైలం వెళ్లాడని మాకు ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు నిజంగా కన్నీళ్లొస్తున్నాయి.

రైలుపిచ్చి
దుద్కో ఆడగుర్రం, అఫనాసీ మగగుర్రం. త్వేర్ వాళ్ల గుర్రాల జోలికి ఎవరూ పోకూడదు.

నంద్యాల_నాన్న
మాస్కో హోటల్ క్యాన్సిల్ చేశాను. పది రోజులూ త్వేర్‌లోనే.

నంద్యాల_నాన్న
వెళ్లొచ్చాం. మీరందరూ రాసిన పోస్టులు ప్రింట్ తీసుకుని పట్టుకెళ్లాను. ట్రినిటీ చర్చి, ప్యాలెస్, మేకల మ్యూజియం అన్నీ చూశాం. మిల్లు గారూ, "పారిస్" ముందు మా ఆవిడతో ఒక ముసలావిడ అరగంట మాట్లాడింది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అమ్మాయి మధ్యలో తర్జుమా చేయబోతే ఇద్దరూ ఆగమన్నారు. పాతకలీనిన్ గారూ, ఒక రోజు హాస్టల్లో ఉప్పేసిన బంగాళదుంపలు ఉడకబెట్టించాను, ఎందుకో పిల్లలకి చెప్పాను.

అఫనాసీ దగ్గరికి మూడుసార్లు వెళ్లాం. శ్రీశైలం విభూతి పొట్లం మా ఆవిడ పర్సులో ఎప్పుడూ ఉంటుంది, పీఠం దగ్గర చిటికెడు పెట్టింది. తర్వాత వంతెన దాటి ఇవతలి ఒడ్డుకి వచ్చి, త్మాకా కలిసే చోటు నుంచి స్టేడియం, పార్కు మీదుగా పాత కోట ఉన్న మేర ఒడ్డు వెంబడి నడిచాం. అమ్మాయి అడుగులు లెక్కపెట్టింది. ఎనిమిది వందల చిల్లర వచ్చాయి. "అందులో సగం అంటే నాలుగు వందలు. మన గుడి ప్రాకారం ఒక పక్క ఎన్ని అడుగులు నాన్నా?" అంది. నలభై ఏళ్లుగా వెళ్తున్నా, చెప్పలేకపోయాను. సున్నిపెంట గారూ, మీరు దగ్గర్లో ఉన్నారు కదా.

సున్నిపెంట
రేపు తెల్లారి జనం రాకముందే వెళ్లి లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. నేను చెప్పుల్లేకుండా నడుస్తాను, పైగా నావి చిన్న అడుగులు. అమ్మాయి బూట్లతో నడిచిందా? ఎత్తెంత? అది కూడా చెప్పండి, లెక్క సరిచూద్దాం.